వరస లేని ఐదు మాటలు

జనవరి 24, 2000. సోమవారం

రెండో రౌండు మొదలైంది. మొదటి రౌండు తొంభై ఏడులో. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. మళ్ళీ అవే ఇళ్ళు, ఆ మనుషులే. మూడేళ్ళు పెద్దయ్యారు. అరవై దాటినవాళ్ళ చూపు, నడక, జ్ఞాపకం మూడేళ్ళకోసారి చూసి రాసుకోవడం మా పని.

పామర్రు దాటాక వచ్చే ఊళ్ళో గుడి వీధి, అంటే చర్చి ఉన్న వీధి, నాది. నలభై రెండు మంది. ఇవాళ ఏడుగురి దగ్గరికి వెళితే నలుగురు పరీక్షకి రామన్నారు.

కాలవ అవతల వీధి, నాతో పనిచేసే హెప్సిబా గారిది. ఆరుగురికి ఆరుగురూ కూర్చున్నారు.

చలి కదా. పెద్దవాళ్ళు చలిలో కదలరు.

జనవరి 25

ఇంకో ముగ్గురు రామన్నారు. చలి.

జనవరి 27

ఇవాళ శౌరమ్మ గారు. డెబ్బై ఒకటి. తొంభై ఏడులో లోపలికి పిలిచి, మజ్జిగ ఇచ్చి, ఆవిడ జపంలో నేనూ గొంతు కలిపి నా పేరు నాగలక్ష్మి అనగానే, "హిందువుల పిల్లవి, పరలోక జపం నోటికొచ్చా! కాన్వెంటు చదువా?" అని నవ్వింది. ఇవాళ గడప దాటనివ్వలేదు.

"ఒంట్లో బాగుండలేదా మామ్మగారూ?"

"బాగానే ఉంది."

"పోనీ రేపు రానా?"

"రేపైనా ఇంతే. నీ దారిన నువ్వెళ్ళమ్మా."

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. లోపలినుంచి కోడలు, "ఆవిడకేం గుర్తుంటాయిలెండి, పక్కింటికి వెళ్ళండి" అంది. శౌరమ్మ గారు తలుపు దగ్గరికి వేసింది. చప్పుడు రాకుండా వేసింది.

తిరిగొచ్చేటప్పుడు బందరు బస్సులో హెప్సిబా గారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, "నీకెంతమంది పోయారు?" అని అడిగారు. తొమ్మిది అన్నాను. ఆవిడ నా చేతిలో నాలుగు గింజలు పోశారు.

జనవరి 29. శనివారం

బెంజ్ సర్కిల్ ఆఫీసులో మీటింగు. ఈ సర్వే నడిపే డాక్టర్ సుధామణి గారు బోర్డు మీద రెండు గుండ్రాలు గీశారు. ఉన్నవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు.

"వీళ్ళూ వాళ్ళూ ఒకలాంటివాళ్ళే అయితే ఫరవాలేదు. మతిమరుపున్నవాళ్ళే వెళ్ళిపోతే? మిగిలినవాళ్ళని చూసి, కృష్ణా డెల్టాలో మతిమరుపన్నదే లేదని పుస్తకం రాసి అచ్చువేసుకోవాలి మనం. అదే ప్రమాదం."

ఫిబ్రవరి 29 దాకా గడువు. ఆలోగా కూర్చోనివాళ్ళ ఫారం మూసేస్తారు. ఇక ఎప్పటికీ ఆ గడప ఎక్కం. 2003 జాబితాలో వాళ్ళ పేరుండదు.

నా వీధిలో రామన్నవాళ్ళ సంఖ్య చదివినప్పుడు అందరూ నా వైపు చూశారు. పన్నెండు. నేను పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను.

హెప్సిబా గారికి ఇద్దరు. పదకొండేళ్ళ సర్వీసు. ఆవిడ ఊళ్ళోకి నడిచి వెళ్ళడం వెనకనుంచి చూడాలి. గొడుగు చంకలో పెట్టుకుని, తొందర లేకుండా, ప్రతి అరుగు దగ్గరా ఒక మాట. నేనైతే ఎవరూ పలకరించకపోతే బాగుండునని తల దించుకుని నడుస్తాను.

ఫిబ్రవరి 1

మినుము చేలకి వెళ్తున్నారు. అదే కారణం అనుకుంటాను.

(డెబ్బై ఏళ్ళవాళ్ళు మినుము చేలకి ఎందుకు వెళ్తారు.)

ఫిబ్రవరి 3

మొత్తం పదిహేడు మంది. ఆఫీసు బీరువాలోంచి వాళ్ళ పాత ఫారాలు తీయించుకున్నాను.

మేం ఐదు మాటలు చెప్తాం. గొడుగు, పడవ, అరటికాయ, దీపం, చెప్పు. తర్వాత కాసేపు వేరే సంగతులు అడిగి, ఇందాకటి ఐదూ చెప్పండి అంటాం. రామని చెప్పిన పదిహేడు మందిలో పదిహేను మందికి అప్పట్లో రెండో, ఒకటో, సున్నానో వచ్చాయి. నా వీధిలో కూర్చున్నవాళ్ళందరికీ నాలుగూ ఐదూ. శౌరమ్మ గారికి ఒకటి. 'పడవ'.

హెప్సిబా గారి ఇద్దరిలో ఒకరికి ఐదు, ఇంకొకరికి ఒకటి. అక్కడ పొంతనేం లేదు.

మతిమరుపు మొదలైతే మొండితనం కూడా వస్తుందని ఎక్కడో చదివాను. అంతే అయివుంటుంది.

మరి కాలవ అవతలివాళ్ళకి మొండితనం ఎందుకు రాలేదు?

ఫిబ్రవరి 4

బోరింగు దగ్గర రావమ్మ గారు దొరికింది. శౌరమ్మ గారి పక్కిల్లు. అరవై అయిదేళ్ళు, గొంతు మాత్రం వీధి చివరిదాకా వెళ్తుంది. బిందె నిండుతుంటే నడుం మీద చెయ్యి వేసుకుని అంది:

"మళ్ళీ వచ్చావా అమ్మాయ్, ఫెయిలు చెయ్యడానికి?"

"ఫెయిలేంటండీ? ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు."

"ఎందుకుండవు? నాకు సరే వచ్చింది. మా ఆయనకి పర్లేదు వచ్చింది."

నాకు అర్థం కాలేదు. చెయ్యి కడుక్కుంటున్న ఇంకొకావిడ నవ్వింది. "ఈ పిల్లకే తెలీదంట చూడు!"

రావమ్మ గారు బిందె పక్కకి జరిపి, నాకు చదువు చెప్పినట్టు చెప్పింది. "ఐదూ చెప్పినోళ్ళకి నువ్వు 'సరేనండి' అన్నావు. చెప్పలేనోళ్ళకి తల ఇట్టా వంచి, గొంతు తగ్గించి, 'పర్లేదండి' అన్నావు. అన్నావా లేదా? ఆ సాయంత్రం ఇక్కడే అందరం కలబోసుకున్నాం. నీకు సరే వచ్చిందా, పర్లేదు వచ్చిందా అని. మూడేళ్ళ బట్టీ మా ఆయన నోరెత్తితే చాలు, 'నీకు పర్లేదు వచ్చిందిగా, కూర్చో' అంటున్నా. పాపం, కూర్చుంటున్నాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వానని గుర్తు.

"శౌరమ్మ గారికి?" అని అడిగాను.

రావమ్మ గారి నవ్వు ఆగిపోయింది. "ఆవిడ సంగతి వేరమ్మా. ఈ చుట్టుపక్కల ఎవరికి సంబంధం కుదరాలన్నా వరసలు చెప్పేది ఆవిడే. ఎవరు ఎవరికి బావ, ఎవరు అన్న, నాలుగు తరాలు వెనక్కెళ్ళి తేల్చేది. ఫాదర్ గారు గుళ్ళో పెళ్ళి ప్రకటన చదవబోయే ముందు గుడి పనులు చూసే ఉపదేశిని పంపి శౌరమ్మనడిగేవారు. పర్లేదు వచ్చాక ఒకసారి పెళ్ళివారితో, ఇది అన్నాచెల్లెళ్ళ వరస, కుదరదు అంది. 'నీకే పర్లేదు వచ్చిందంట, నీ మాటేంటి' అని మొహం మీదే అనేశారు. అప్పట్నుంచి ఎవరూ అడగట్లా. ఉపదేశి కూడా అటు రావట్లా. కోడలు చూశావుగా, ఆవిడ ముందే ఆవిడ గురించి ఎట్టా మాట్లాడుద్దో."

ఫిబ్రవరి 5

నేనే.

ఫిబ్రవరి 6. ఆదివారం

హాస్టల్లోనే ఉన్నాను. పుస్తకం తెరిచి ఒకే పేజీ మీద కూర్చున్నాను.

స్కూల్లో సిస్టర్ ఎప్పుడూ చెప్పేది, ఓడిపోయిన పిల్లతో ముందు మాట్లాడు అని. నేను అలాగే చేశాను. చెప్పలేకపోయినవాళ్ళ మొహం చూడలేక, ఆ మాట అన్నాను. అడిగేవాళ్ళు ఏ జవాబుకైనా ఒకేలా ఉండాలని ట్రైనింగులో చెప్పారు. రాసుకున్నాను కూడా. నోట్సులో ఉంది, కింద గీత గీసి మరీ.

దయ అనుకున్నాను. నిజానికి నా ఇబ్బంది పోవడానికి అన్నాను.

ఫిబ్రవరి 7

బస్సులో హెప్సిబా గారికి చెప్పాను. ఉయ్యూరు దాటేదాకా విన్నారు.

"మీరు ఏమంటారు, వాళ్ళు చెప్పలేకపోతే?"

"ఊఁ అంటాను."

"చెప్తే?"

"ఊఁ అంటాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా అత్తగారికి ఊఁ కొట్టీ కొట్టీ అలవాటైపోయింది. ఆవిడ తిట్టినా ఊఁ, మెచ్చుకున్నా ఊఁ. ఆవిడకి ఇప్పటికీ తెలీదు నా మనసులో ఏముందో." నా వైపు తిరిగి, "నువ్వు పుస్తకాలు చదివేదానివి. మొహంలో అన్నీ అచ్చు పడిపోతాయి" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు కూర్చున్నారు. దిగేటప్పుడు మాత్రం, "రేపు డాక్టరమ్మకి నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడతా, మాట మాత్రం కలపను" అన్నారు.

ఫిబ్రవరి 8

చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకుని, మూడు వాక్యాలు ముందే బట్టీ పట్టి వెళ్ళాను. రెండో వాక్యం మర్చిపోయాను.

సుధామణి గారు పాత ఫారాలు, కొత్త జాబితా పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి, "ఇది వాళ్ళ నిరాకరణ అని రాసేసేదాన్ని నేను. వయసు, చదువు, మతిమరుపు, ఇంకో పది కారణాలు వెతికేదాన్ని. నీ మాట వల్ల అని నాకెలా తెలిసేది?" అన్నారు.

"క్షమించండి మేడమ్."

"ఒక పేజీ రాసి సంతకం పెట్టు. రిపోర్టులో ఈ వీధి గురించి వచ్చేచోట అది కూడా ఉంటుంది. మన తప్పు మనమే అచ్చు వేసుకుందాం." తలెత్తి, "ఇరవై తొమ్మిది దాకా గడువుంది. వాళ్ళని బతిమాలకు. జరిగింది చెప్పు. ఎవరికి ఎన్ని వచ్చాయన్నది మాత్రం ప్రాణం పోయినా చెప్పకూడదు" అన్నారు.

ఆవిడ దగ్గర మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇవాళే చూసినట్టు అనిపించింది.

ఫిబ్రవరి 10. గురువారం

ముందుగా శౌరమ్మ గారింటికే వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. హెప్సిబా గారు ఇక్కడా రెండడుగుల వెనక నిలబడ్డారు. వీధిలోవాళ్ళు అప్పటికే చేరారు. నలుగురి ముందు గొంతు పెగలనిదాన్ని, అక్కడ ఎలా మాట్లాడానో తెలియదు. ఇక్కడ ఏది పాసూ కాదు ఫెయిలూ కాదు, నేను అనకూడని మాట అన్నాను, దానివల్ల మీరందరూ మాట పడ్డారు, తప్పు నాది అన్నాను. ఇంకా ఏదో అన్నాను.

శౌరమ్మ గారు గింజ తీసి పక్కన వేసి, "అయితే మాకు పెట్టినట్టే నీకూ ఒక పరీక్ష పెడతా. చెప్తావా?" అంది.

"అడగండి మామ్మగారూ."

"మీ మేనత్త ఆడబిడ్డ కొడుకు నీకేమవుతాడు?"

మేనత్త వైపు కదా అని ఆలోచించాను. మేనత్త కొడుకు బావ. కాబట్టి,

"బావ అవుతాడండి."

వీధి వీధంతా గొల్లుమంది. రావమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని, "అయ్యో అయ్యో, అన్నని పట్టుకుని బావంటదేంటే!" అని గోడకి ఆనుకుంది. ఎవరో పిల్లాణ్ణి ఇంట్లోకి పంపి, ముసలాయన్ని కూడా పిలిపించుకున్నారు వినడానికి.

శౌరమ్మ గారు మాత్రం నవ్వకుండా చెప్పింది. "మేనత్త మొగుడు నీకు మామ. మామ తోడబుట్టింది నీకు తల్లి వరస. తల్లి కొడుకు అన్న కాక బావెట్టా అవుతాడు?"

నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు రావమ్మ గారు తల పక్కకి వంచి, గొంతు బాగా తగ్గించి, అచ్చం నాలాగే, "పర్లేదండి" అంది.

హెప్సిబా గారు కూడా నవ్వారు. నేను ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. చివరికి నాకూ నవ్వొచ్చింది.

నవ్వులన్నీ తగ్గాక శౌరమ్మ గారు, "గొడుగు, పడవ, ఇంకేంటి అప్పుడు చెప్పావు? అరటికాయ, కాలి చెప్పు. ఏదో ఇంకోటి. వాటికి ఒకదానికొకటి ఏమవుద్ది? వావీ వరసా లేని మాటలమ్మా అవి. ఎవరింటి పడవ, ఎవరి చెప్పు అని చెప్పుంటే వందేళ్ళు గుర్తుంచుకునేదాన్ని" అంది.

మూడేళ్ళ తర్వాత నాలుగు మాటలు చెప్పింది. నేను వేలు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఫారంలో ఎక్కడా రాయడానికి లేదు, అడిగింది నేను కాదు కాబట్టి.

"ఇవాళ కూర్చుంటారా మామ్మగారూ?"

"చూద్దాం."

ఫిబ్రవరి 11

రావమ్మ గారి ఆయన కూర్చున్నారు. ఆవిడ బయటినుంచి, "ఏమన్నది? ఏమన్నది?" అని అరిచింది. నేను "ఊఁ" అన్నాను. అన్నిటికీ అదే. బయటికొచ్చాక ఆయన గట్టిగా, "ఊఁ వచ్చింది!" అన్నారు. దానికి అర్థమేంటో ఆవిడకీ తెలియలేదు, ఆయనకీ తెలియలేదు. ఆయన మాత్రం సంతోషంగా ఉన్నారు.

ఫిబ్రవరి 16

ఆరుగురు వచ్చారు. నేను పిలవలేదు. శౌరమ్మ గారే పంపుతోందిట. "ఆ పిల్ల మన వీధిలో ఫెయిలయిన పిల్ల, వెళ్ళి కూర్చోండి" అంటోందిట.

ఫిబ్రవరి 18

శౌరమ్మ గారింటికి వెళ్ళాను. కూర్చుంటానంది. అయితే తలుపు తీసి, వీధంతా చూస్తుండగా అడగమంది.

"అందరి ముందే పోయింది. అందరి ముందే తేలనీ."

ఒక్క క్షణం సరే అనబోయాను. ఆవిడ న్యాయమే అడుగుతోంది. పక్కన ఎవరున్నా ఆ ఫారం చెల్లదు. అది కాదు నన్ను ఆపింది. ఆవిడకి మళ్ళీ ఒకటే వస్తే? ఆ అరుగు మీద, అందరి ముందు?

కుదరదండీ, మీ ఒక్కరితోనే చెయ్యాలి అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. నా మొహంలో చదివేసిందేమో.

"అయితే వద్దులే" అంది. మజ్జిగ ఇచ్చింది.

ఫిబ్రవరి 19

నేను ఆపింది ఫారం కోసమా, ఆవిడ కోసమా, నా కోసమా. హెప్సిబా గారిని అడిగితే, "ఊఁ" అన్నారు.

ఫిబ్రవరి 25

పదిహేడు మందిలో పన్నెండు మంది కూర్చున్నారు. ఒకాయన గుడివాడ కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ముగ్గురు రామంటే రామన్నారు, దండం పెట్టి వచ్చాను. శౌరమ్మ గారు మిగిలారు.

ఈ పన్నెండు మందినీ తెచ్చింది ఆవిడే. వాళ్ళలో ఎక్కువమందికి ఈసారీ తక్కువే వచ్చాయి. డాక్టరమ్మ ఆ కాయితాల మీద చెయ్యి వేసి, "వీళ్ళ కోసమే కదా మొదలుపెట్టింది" అన్నారు.

ఫిబ్రవరి 29

చివరి రోజు. పొద్దున్నే వెళ్ళాను. శౌరమ్మ గారి వాకిట్లో చెప్పులు. ఒకటీ రెండూ కాదు, ఏడెనిమిది జతలు.

అరుగు మీద చాప వేసి రెండు కుటుంబాలవాళ్ళు కూర్చున్నారు. ఉయ్యూరు వైపు నుంచి అబ్బాయి తరఫు, ఈ ఊరి అమ్మాయి తరఫు. ఉపదేశి శౌరయ్య గారు నోట్‌బుక్ తెరిచి పెట్టుకున్నారు. వచ్చేవారం విభూది బుధవారం. తపస్సు కాలం వస్తే నలభై రోజులు పెళ్ళిళ్ళుండవు. ఈలోపే తేల్చుకోవాలని తొందర. అబ్బాయి అమ్మమ్మ, అమ్మాయి అమ్మమ్మ ఒకే ఇంట్లో పెరిగిన అక్కచెల్లెళ్ళు, కాబట్టి వీళ్ళు అన్నాచెల్లెళ్ళవుతారని ఎవరో అడ్డం పెట్టారట. శౌరయ్య గారికి అంతు దొరకలేదు. మొన్న శౌరమ్మ గారు నన్ను వరసల్లో ఓడించిన సంగతి ఊరంతా తిరిగి ఆయన దాకా వెళ్ళిందని రావమ్మ గారు నా చెవిలో చెప్పింది.

నన్ను చూసి శౌరమ్మ గారు చేత్తో, ఉండు అన్నట్టు సైగ చేసింది. ఫారం ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను.

"ఒకే ఇంట్లో పెరిగారు, నిజమే. ఒక్క తల్లి కడుపున మాత్రం పుట్టలేదు" అంది శౌరమ్మ గారు. "ఆ ఇంటాయన లాజరు. పెద్దపిల్ల ఆయన సొంత కూతురు. చిన్నపిల్ల ఆయన చెల్లెలి కూతురు. తల్లి పోతే ఏడాది పిల్లని ఎత్తుకొచ్చి పెంచుకున్నాడు. మైలవరంలో ఇచ్చారు ఆ చెల్లెల్ని. ఆవిడ పేరు..."

ఆగింది.

అందరూ చూస్తున్నారు. లోపల గిన్నె కడుగుతున్న కోడలి చేతి చప్పుడు కూడా ఆగింది. శౌరమ్మ గారి పెదవులు కదులుతున్నాయి. ఒళ్ళో ఉన్న చెయ్యి చీర అంచుని వెతుకుతోంది. నా గొంతులో ఆ పాత మాట సిద్ధంగా ఉంది. పళ్ళు బిగించుకున్నాను.

"అమలమ్మ" అంది రావమ్మ గారు, తన గుమ్మంలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే.

"ఆఁ, అమలమ్మ" అంది శౌరమ్మ గారు. "పొడుగ్గా ఉండేది. ఆవిడ పిల్లే. అంటే ఇద్దరూ వదినా మరదళ్ళు, అక్కచెల్లెళ్ళు కాదు. వాళ్ళ కూతుళ్ళూ వదినా మరదళ్ళే. వీళ్ళు బావామరదళ్ళు. రాసుకో శౌరయ్యా. ఇచ్చిపుచ్చుకోవచ్చు."

శౌరయ్య గారు రాసుకున్నారు. పేరు ఎవరు అందించారో ఎవరూ పట్టించుకోలేదు. అబ్బాయి తండ్రి లేచి ఆవిడ చేతులు పట్టుకున్నాడు. కోడలు లోపలినుంచి కాఫీలు తెచ్చి, మొదటి గ్లాసు అత్తగారికి ఇచ్చింది.

నేను లేచి దగ్గరికి వెళ్ళాను. ఇవాళే ఆఖరు మామ్మగారూ అన్నాను. తర్వాత ఇక మేం రావడానికి ఉండదని కూడా చెప్పాను.

కాఫీ ఊదుకుంటూ నన్ను చూసింది. "చూస్తున్నావుగా. మధ్యాహ్నం ఇంకొకళ్ళు వస్తున్నారు. విభూది లోపు ఇంకా మూడు సంబంధాలు తేల్చాలి. నీ దగ్గర ఎప్పుడు కూర్చునేది?"

బస్సులో ఫారం మూసేశాను. కారణం దగ్గర ఆరు గడులుంటాయి. ఒంట్లో బాగాలేదు, ఇంట్లోవాళ్ళు వద్దన్నారు, ఇష్టం లేదు, ఊరు మారారు, మరణించారు. ఇవన్నీ నేను చాలాసార్లు టిక్కు పెట్టాను. ఆరోది డెబ్బై దాటిన ఎవరి ఫారంలోనూ పెట్టినట్టు చూడలేదు. ఇవాళ పెట్టాను. తీరిక లేదు.